తొండ జారిన కంచె

ఆలేరు స్టేషన్‌లో పుష్‌పుల్ బండి దిగి కొలనుపాక రోడ్డు పట్టుకుని నడిస్తే, మా 20 గుంటల చెలక రాకముందే ఒక వెంచర్ తగులుతుంది. ఎర్రమట్టి రోడ్లు, రంగులు పూసిన హద్దురాళ్లు, మధ్యలో కొనేవాళ్లకు చూపించడానికి కట్టిన ఒంటరి ఇల్లు. ఆ ఇంటి ముందు నడుమెత్తున తెల్లటి పీవీసీ కంచె ఉంది. కోసిన ముల్లంగి ముక్కలు వరసగా నిలబెట్టినట్టుంటుంది. మొన్న ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున చెప్పులో రాయి దూరితే తీసుకుందామని దాని పక్కన ఆగాను. కంచె మొదట్లో ఒక మగ తొండ, గొంతు ఎర్రబారి ఉంది. తల రెండుసార్లు ఊపి, పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ గుంజ మీదికి ఎగబాకింది. జానెడు ఎక్కింది. గోళ్లకు పట్టు దొరకలేదు. జర్రున కిందికి జారింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. మూడోసారి ఎక్కలేదు. కాసేపు ఆ తెల్లదనాన్నే చూసి, పక్కనున్న తంగేడు పొదలోకి పోయింది. చెప్పు చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను.

ఇందులో బాధపడాల్సింది ఏముంది? తొండకు చెట్లు లేవా, రాళ్లు లేవా? చిన్నప్పుడు ఆ జాతి మీద రాళ్లు విసిరిన చేతులే కదా ఇవి. అయినా ఆ జారుడు మనసులోంచి పోలేదు. బహుశా సామెత వల్ల కావచ్చు. తొండకు వెలుగు సాక్షి అంటారు మనవాళ్లు. వెలుగంటే ఇక్కడ దీపం వెలుగు కాదు, కంచె. పాత తెలుగులో కంచెకు వెలుగనే పేరు. ముళ్లకంప అడ్డం పెట్టుకుని దాన్నే వెలుగనడంలోని తమాషా నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఆ సామెతను దొంగకూ దొంగకూ ఉన్న పొత్తును ఎత్తిపొడవడానికి వాడతారు గానీ, అందులో ఒక సంగతి ఎవరూ అడక్కుండానే ఒప్పేసుకున్నారు: కంచె ఉంటే దాని మీద తొండ ఉండి తీరుతుందని. తొండ ఎక్కలేని కంచె ఒకటి వస్తుందని ఆ సామెత పుట్టించినవాడికి తోచి ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది, దాచడమెందుకు. ఆ వారమే నేను కంచె కొనాలి. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో వాళ్ల పెరడంతా తిప్పి చూపించి, "బాపూ, పీవీసీ ఏపియ్యి. రంగులు ఎయ్యనక్కర లేదు, చెదలు పట్టదు, పైపు పెట్టి నీళ్లు కొడితే కొత్తదైతది" అన్నాడు. వాళ్ల కాలనీలో కంచె ఎంత ఎత్తుండాలో, ఏ రంగుండాలో ఇళ్ల యజమానుల సంఘమే చెబుతుందట. మా ఆవిడకు ఆ తెలుపు నచ్చింది. "ముగ్గు పిండి చల్లినట్టుంది, అట్లనే ఏపిద్దామండీ" అంది. నాకు కాగితం మీద లెక్కలు వేసే జబ్బుంది. 20 గుంటలంటే అర ఎకరం, 2,420 గజాలు. మాది రోడ్డు పక్క 121 అడుగులు, లోపలికి 180 అడుగులు. చుట్టూ తిరిగితే 602 అడుగులు. పీవీసీ కంచె సాధారణంగా 8 అడుగులకో గుంజ పాతి, మధ్యలో పలక బిగిస్తారు. అంటే సుమారు 75 గుంజలు, 75 పలకలు. ఆ అంకె కింద గీత గీసి చాలాసేపు కూర్చున్నాను. మనం ఎవరికి భయపడి 75 గుంజలు పాతుతున్నాం? నా చెలకలో ఉన్నవి నాలుగు మామిళ్లు, రెండు సీతాఫలం చెట్లు, ఎండాకాలం సగం రోజులు నోరు తెరుచుకునే ఒక బోరు. దొంగకు పనికొచ్చేది స్టార్టర్ డబ్బా ఒక్కటే.

దుకాణానికి పోతే తెలిసింది, పీవీసీ ఫెన్సింగ్ అనే పేరు మీద మన దగ్గర రెండు వేరువేరు సరుకులు తిరుగుతున్నాయని. ఒకటి మా అబ్బాయి చూపించిన గుల్ల గుంజల, పలకల కంచె. రెండోది ఆకుపచ్చ జాలి: ఇనుప తీగ మీద పీవీసీ పూత పూసి అల్లినది. రైతులు పీవీసీ కంచె అంటే ఎక్కువగా ఈ రెండోదే. దీనిలో ఒక కిటుకుంది. తీగ లావును గేజీలో చెబుతారు. అంకె పెరిగితే తీగ సన్నమవుతుంది. 10 గేజీ తీగ మూడుంపావు మిల్లీమీటర్లు, 12 గేజీ రెండున్నరకు కొంచెం పైన. పూత పూసిన తీగ దగ్గర మాత్రం, ఆ లావు పూతతో కలిపి చెబుతున్నారా, లోపలి ఇనుముదా అని అడగాలి. నేను అడిగాను. కొట్టువాడు నవ్వి, కట్టింగ్ ప్లేయర్‌తో ఒక కొస తుంచి, గోటితో పచ్చ తోలు ఒలిచి చూపించాడు. మునక్కాయంత కనిపించిన తీగలోంచి చీపురుపుల్లంత ఇనుము బయటపడింది. కొంచెం పెంచి చెబుతున్నానేమో గానీ, నా గుండెలో పడ్డ కొలత మాత్రం అదే. పైగా ఆ తోలు ఎక్కడైనా గీసుకుపోతే నీరు లోపలికి దిగి, పైకి కనబడకుండా తుప్పు పాకుతుంది. పచ్చగా కళకళలాడుతూనే లోపల తెగిపోయే కంచె అది. మనుషుల్లో ఇలాంటివాళ్లను ఇద్దరు ముగ్గురిని ఎరుగుదును. ఆ రోజు వాళ్లు గుర్తొచ్చి దుకాణంలోనే నవ్వొచ్చింది.

మా పక్క చేను పెద్దమనిషి దగ్గరికి పోయి తెల్ల పలక నమూనా ముక్క చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి, బొటనవేలితో నొక్కి చూశాడు. "గిది మన బోరు పైపే గద సారూ" అన్నాడు. నిజమే, అదే పదార్థం. పీవీసీ గురించి ఆలేరు రైతుకు టెక్సాస్ వాళ్లు చెప్పాల్సింది ఏమీ లేదు. భూమిలో పాతిన పైపు తరం దాటినా చెక్కుచెదరదు, ఒడ్డు మీద ఎండలో వదిలేసింది నాలుగేళ్లకు పెళుసెక్కి, కాలు తగిలితే పటుక్కుమంటుంది. ఈ సంగతి ఆయన చేతికి తెలుసు. కంచె కోసం తయారయ్యే మంచి సరుకులో ఎండ దెబ్బ తగలకుండా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి కలుపుతారు. తెల్ల పెయింటులో ఉండేదీ అదే. అది తగ్గిన సరుకు పసుపు తిరుగుతుంది, చెయ్యి పెట్టి రుద్దితే సుద్దలా అంటుతుంది. "అడవిపంది ముట్టెతోని ఒక్క పోటు పొడిస్తె ఆగుతదా మరి?" అన్నాడు మళ్లీ. ఆగదు. పంది కోసం ఆయన చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగు. వాళ్లింటి ఆడవాళ్లు పదేళ్లుగా కట్టి విడిచిన చీరలన్నీ గాలికి ఊగుతుంటాయి. పంది వాటికి జడుస్తుందంటారు. ఒక్కోసారి జడవదంటారు. కోతి సంగతి ఎత్తితే ఆయన ఆకాశం వైపు చూశాడు. కోతికి కంచె వేసినవాడు తెలంగాణలో ఇంకా పుట్టలేదు.

ఎండ మాట వచ్చింది గనక ఒక ముచ్చట. 1872లో జర్మనీలో ఆయుగెన్ బౌమన్ అనే రసాయన శాస్త్రవేత్త వినైల్ క్లోరైడ్ ఉన్న గాజు పాత్రను ఎండలో ఉంచితే, లోపల తెల్లటి గట్టి పదార్థమొకటి పేరుకుంది. అదే పీవీసీ. దాన్ని ఏం చేసుకోవాలో అప్పుడెవరికీ తెలియలేదు. ఎండలో పుట్టిన పదార్థాన్ని ఎండ నుంచి కాపాడటానికే ఈ నూటయాభై ఏళ్ల తిప్పలన్నీ అనిపిస్తుంది నాకు. ఇంకా చిత్రమేమిటంటే, దాని బరువులో సగానికి పైగా, దాదాపు 57 పాళ్లు, క్లోరిన్. ఆ క్లోరిన్ ఉప్పు నుంచి తీసేది. క్లోరిన్ అంత ఉన్నందుకే పీవీసీ మంట పెడితే అంటుకుంటుంది గానీ, మంట తీసేస్తే తనంతట తాను ఆరిపోతుంది. పోతూపోతూ గొంతు కొరికే పొగ వదులుతుంది. ఎండాకాలం చివర గెట్ల మీది గడ్డి తగలబెట్టే మా ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఆరిపోయేలోపే గుంజ మొదలు కరిగి మోకాళ్ల మీద కూలబడుతుంది.

ఉప్పుతో కంచె. ఈ మాట దగ్గర నా మనసు ఇంకెక్కడికో పోయింది. తెల్లదొరల కాలంలో ఉప్పు పన్ను ఎగ్గొట్టి ఉప్పు తేకుండా ఉండాలని సింధు నది దగ్గర మొదలుపెట్టి మహానది దాకా ఒక సుంకపు గీత గీసి, అందులో వందల మైళ్ల పొడవున బతికున్న ముళ్లకంచె పెంచారు. రేగు, తుమ్మ, వాక, నాగజెముడు, బొమ్మజెముడు. వేల మంది కావలి. తర్వాత కాంగ్రెస్ పెట్టిన ఏ.ఓ. హ్యూమ్ కొన్నేళ్లు ఆ కంచెకు పెద్ద అధికారి. 1879లో దాన్ని వదిలేశారు. అంత పెద్దది జనం జ్ఞాపకంలోంచే చెరిగిపోయింది. రాయ్ మాక్సమ్ అనే ఇంగ్లండు రచయిత దాని ఆనవాలు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగి 2001లో పుస్తకం రాశాడు. అప్పుడు ఉప్పును ఆపడానికి చెట్లతో కంచె. ఇప్పుడు ఉప్పులోంచి తీసిన సరుకుతో కంచె, చెట్లు కొట్టేసి. ఎటు తిరిగి ఎటు వచ్చాం?

మా అమ్మమ్మ ఇంటి వెనక ఉన్నది కంచె అని చెప్పుకునేంత తీరుగా ఉండేది కాదు. ఒకవైపు వాయిలి, ఒకవైపు గోరింట, మూలన కిత్తనార మట్టలు, సందులు పడ్డచోట తుమ్మకంప కుక్కేవాళ్లు. ఏటా వానలకు ముందు తాత ఆ కంప మార్చేవాడు. పాత కంప పొయ్యిలోకి, కొత్త కంప దడిలోకి. జలుబు చేస్తే వాయిలాకు కోసుకొచ్చి నీళ్లలో మరిగించి ఆవిరి పట్టించేది అమ్మమ్మ. ఆషాఢంలో గోరింటాకు కోసం వాడంతా మా కంచె దగ్గరే ఉండేది. లోపలివాళ్లు లోపలి నుంచి, బయటివాళ్లు బయటి నుంచి దూసుకునేవాళ్లు. తీగబచ్చలి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కాకరతీగ పక్కింటిది, కాయలు మావి. మధ్యలో ఒక కంత ఉండేది, పిల్లలు వంగి పోయేంత. చల్ల ముంత, అగ్గిపెట్టె, చిన్న చిన్న అప్పులు అందులోంచే నడిచేవి. తగాదా వస్తే ముందు ఆ కంత మీద కంప పడేది. మాటలు కలిశాక ముందు ఆ కంపే లేచేది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకున్నట్టు నాకు గుర్తులేదు. తెల్లారి చూస్తే కంప ఉండేది కాదు, అంతే.

ఇదంతా రాస్తుంటే తియ్యగానే ఉంది. కానీ ఆ తియ్యదనాన్ని నేను పూర్తిగా నమ్మను. అదే కంచెలో పాము ఉండేది. తుమ్మముల్లు దిగి తాత అరికాలు వారం రోజులు చీము పట్టింది. అమ్మమ్మకు ఉన్న ఒక్క పట్టుచీర ఆరేస్తే గాలికి కంప మీద పడి, తీసేటప్పుడు జానెడు చిరిగింది. ఆ చిరుగు కనబడకుండా కుచ్చిళ్లలో దాచుకుని పెళ్లిళ్లకు పోయేది. ఏటా కంప కొట్టడానికి తాతకు ఒక జీతగాడు ఉండేవాడు. ఆ జీతగాడి ఇంటికి కంచె ఉండేదా? నేనెప్పుడూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఇప్పుడు రాస్తుంటేనే తట్టింది.

మా దిక్కు కంచ అన్న మాటకు ఇంకో అర్థముంది. అడ్డం కట్టేది కాదు, పశువులు మేసే భూమి. ఊరి పక్క కంచ, గుట్ట కింది కంచ. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ పేపర్ల నిండా వచ్చినప్పుడు, ఆ పేరులోని మొదటి మాట మేత భూమిదని హైదరాబాదులో పెరిగిన మా మనవరాలికి చెప్పాల్సి వచ్చింది. "కంచె వేసిన గచ్చిబౌలి అనుకున్నా తాతా" అంది. ఆ పిల్లది తప్పేమీ కాదు. మేసే చోటుకీ ఆపే గీతకీ ఒకే మాట ఇచ్చిన భాష మనది, రెండో అర్థమే బతికి బట్టకట్టింది. చేలో పడ్డ పశువును బందెలదొడ్డిలో పెట్టి, దండుగ కట్టించుకుని వదిలే రోజులు నేను చూశాను. అంటే చేనుకు కంచె వేసుకోవడం కన్నా పశువుకు కాపలా కాయడం ఊరి పని అనుకున్న రోజులు. మరి గెట్టు పంచాయితీలు అప్పుడు లేవా అంటే, ఇప్పటికన్నా ఎక్కువే ఉండేవి. నాగలి ఒక్క సాలు అటు జరిగితే తలలు పగిలేవి. హద్దు గుర్తు చెరిగిపోకుండా ఎముకలు, ఊక, బూడిద, పెంకులు భూమిలో రహస్యంగా పాతిపెట్టమని మనుస్మృతిలోనే ఉంది. అంటే ఎంత పాత రోగం ఇది! మా గెట్టు తేలడానికి సర్వేయరు టిపను కాగితం పట్టుకుని వచ్చి, గొలుసు లాగి, చివరికి మూడు అడుగులు నేనే ఆక్రమించానని తేల్చాడు. పక్క చేను పెద్దమనిషి ఏమీ అనలేదు. "ఉండనీ సారూ, మామిడిచెట్టు మొదలొచ్చింది అండ్ల" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. 1951 ఏప్రిల్ 18న భూమిలేని పేదల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్న పోచంపల్లి మా జిల్లాలోనే ఉంది. నేను మూడు అడుగుల దగ్గర చెమటలు కక్కుతున్నాను.

చివరికి ఏం చేశానో చెప్పాలి కదా. మూడు వైపులా రాతి కడీలు పాతించాను, 8 అడుగులకొకటి, మొత్తం 60. పూత లేని 10 గేజీ జాలి. మూడు అడుగులు లోపలికి జరిగి, మామిడిచెట్టు మొదలును బయటికి వదిలి. కడీ పాతేటప్పుడు అడుగున్నరకే బండ తగిలింది చాలాచోట్ల. మొరం నేల, గడపార వేస్తే నిప్పురవ్వలు. రోడ్డు వైపు 121 అడుగుల్లో ట్రాక్టరు పట్టేలా 16 అడుగుల గేటు తీసేస్తే, మిగిలినదానికి 13 పలకల తెల్ల పీవీసీ. మా ఆవిడ ముగ్గుపిండి, మా అబ్బాయి టెక్సాస్, రెండూ ఆ 13 పలకల్లో సర్దుకున్నాయి. బేరమాడటం నాకు రాదు గానీ ఒక విషయంలో పట్టుబట్టాను. నా మిత్రుడొకరు జనగామ దగ్గర తోటకు ఇలాంటిదే వేయించి దెబ్బతిన్నాడు. బిగించినవాడు అడ్డపట్టీలను గుంజల్లోకి సందు లేకుండా దిగ్గొట్టి మరలు తిప్పాడు. పుష్యమాసపు చలికి, రోహిణి ఎండకు మధ్య 8 అడుగుల పట్టీ పావు అంగుళం దాకా సాగుతుంది. సాగే చోటు లేక అది విల్లులా వంగి, మే నెలలో ఒక మధ్యాహ్నం టపటపా విడిపోయింది. అందుకే మా పట్టీలు గుంజ బొర్రలో కొంచెం వదులుగా, లోపల ఆడేటట్టు పెట్టించాను. పలక పుల్లల మధ్య గాలిపోయే సందులుంచాను. సందు లేని పలక ఈదురుగాలికి తెరచాపవుతుంది. గేటు గుంజల్లో ఇనుప పైపు దింపి కాంక్రీటు పోయించాను. గుంత రెండున్నర అడుగులు. బండ వచ్చిన ఒక్కచోట మాత్రం రెండే. ఆ గుంజను చూస్తే నాకిప్పటికీ అనుమానమే.

కడీల పక్క వాయిలి కొమ్మలు గుచ్చాను, గోరింట నాటాను. తొండలు కడీల మీదికి వచ్చేశాయి, వాటికి నా ఆలోచనలతో పనేముంది. తెల్ల కంచె మీద మాత్రం ఏదీ వాలలేదు, ఎక్కలేదు. వానాకాలమంతా అడుగున ఎర్రమట్టి చింది రవికె అంచులా ఒక పట్టీ పడింది. మా ఆవిడ రెండుసార్లు కడిగి వదిలేసింది. ఓడిపోయిన బేరంలా దాని ముందునుంచి నడవడం నాకు అలవాటైంది.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఒక పొద్దున గేటు దగ్గరికి వచ్చేసరికి కంచె తెల్లగా లేదు. పక్క చేలోకి కూలికి వచ్చిన ఆడవాళ్లు సద్ది సంచులన్నీ పుల్లలకు తగిలించారు, ఒక్కో పుల్లకు ఒక్కో సంచి, తరగతి గదిలో కొక్కేలకు తగిలించినట్టు. మంచుకు తడిసిన పాత చొక్కాలు, తలగుడ్డలు అడ్డపట్టీల మీద ఆరేశారు. కొసన ఒక చీర, కొత్తదే అనుకుంటాను, మడత విప్పి రెండు పలకల పొడవునా పరిచి ఉంది. నన్ను చూసి ఒకామె గబగబా వచ్చి దాన్ని తియ్యబోయింది. "తీస్తం సారూ, తీస్తం. ముళ్లు లేకుంటె ఆరేసినం" అంది. ఉండనీ అక్కా అన్నాను. ఆమె చెయ్యి చీర మీదే ఉంది, తియ్యాలా వద్దా తేలక. నేను గేటు తీసుకుని లోపలికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, ఆ రెండు అడుగుల గుంతలో ఉన్న గుంజను పట్టుకుని ఊపి చూశాను. కొంచెం ఆడింది. "గాడ బరువుయి ఎయ్యకున్రి" అని వాళ్లలో వాళ్లకే చెప్పుకుంది ఇంకొకామె, తన సంచి తీసి పక్క పుల్లకు తగిలిస్తూ.